వార్తల్లో పదం: విశ్వాసఘాతుకం

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల దగ్గర జేబులోంచి గొలుసు కొట్టేస్తే దొంగతనం. గొలుసు చేయమని మనమే ఇచ్చిన బంగారాన్ని పనివాడు అమ్ముకుంటే? అది నేరపూరిత విశ్వాసఘాతుకం. సొత్తు మన ఇష్టంతోనే చేయి మారింది. చెడింది ఆ తర్వాతి బుద్ధి. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద దీనికి అయిదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 406లో మూడేళ్లే. నగ ఆలస్యమైనంత మాత్రాన నేరం కాదు, దురుద్దేశం రుజువవ్వాలి. బంగారం అప్పగించినట్టూ తేలాలి. తూకం చీటీ విలువ అప్పుడు తెలుస్తుంది! ఇక పనివాడు అలా అమ్మిన బంగారాన్ని దొంగసొత్తని తెలిసీ కొన్న వ్యాపారికి 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.