ఊడిన పన్ను – తల్లి చేయవలసిన పని



అమరకోశము వల్లించినవారికి ద్విజశబ్దము విప్రునకును, పక్షికిని, దంతమునకును గూడ చెల్లునని తెలిసియే యుండును. రెండుమారులు పుట్టునవి గనుక పండ్లకా పేరు గలిగినది. తల్లులు గ్రహింపవలసిన సంగతి యీ మాటలోనే యున్నది. పంటికి రెండవ పుట్టుక కలదు గాని మూడవది లేదు.

పాలపండ్లు 20. అవి సుమారు 6వ యేటినుండి ఊడుచుండ, వాని తావున స్థిరదంతములు మొలచును. మీది ముందరిపండ్లు 7, 8 యేండ్ల వయస్సున వచ్చును. చిర్రగోనె యాడుట, చింతచెట్లెక్కుట, సైకిలు నేర్చుట, బోరింగు గచ్చుపై జారిపడుట – ఇవన్నియు ఆ యీడుననే గదా! మన యిండ్లలో ఊడిన పంటిని పేడముద్దలో పెట్టి యింటికప్పు మీదికి విసరుట ఆచారము. పాలపంటి విషయమున ఆ వేడుకకు మేమడ్డు చెప్పము. దెబ్బకు ఊడిన స్థిరదంతమును గూడ అట్లే పారవైచినచో, తిరిగిరాని సొత్తును చేజేతుల పోగొట్టుకొన్నట్లగును.

ఊడిన పన్ను వెంటనే నిర్జీవము కాదు. పంటిని ఎముకతో బంధించు పలుచని పొర వేరునంటి సజీవముగా నుండును. అది యెండిపోకముందే పంటిని గుంటలో నిలిపినచో తిరిగి అతుకుకొనగలదు. డెన్మార్కు దేశపు దంతవైద్యుడు ఆండ్రియాసెన్ తన సహచరునితో 1966లో ప్రకటించిన పరిశీలనములో, 30 నిమిషముల లోపల నిలిపిన పండ్లలో నూటికి 90 వేరు కరగక నిలిచినవి. 2 గంటలు దాటినవానిలో నూటికి 95 వేరు కరగినవి.

ఆత్మకూర్ (ఎస్) వంటి యూరినుండి బస్సు దొరకి సూర్యాపేట చేరుసరికే ఆ యర్ధగంట గడచిపోవును. నార్కట్‌పల్లిలోని కామినేని దంతవైద్య కళాశాలయు, హైదరాబాదు అఫ్జల్‌గంజులోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు మరింత దూరము. కావున తొలి వైద్యము ఇంటనున్నవారి చేతిలోనిదే.

బిడ్డకు స్పృహ తప్పినను, వాంతులైనను, పన్ను కనబడక దగ్గు తెరలు వచ్చుచున్నను, తక్కిన పనులు మాని తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను. అట్టి భయము లేనపుడు పంటిని వెదకి, తెల్లని పైభాగమునే పట్టుకొనవలెను, వేరును తాకరాదు. మట్టి యంటినచో పాలతోగాని మంచినీళ్లతోగాని కొద్దిక్షణములు కడిగిన చాలును. తోమరాదు, కొంగున తుడువరాదు, పసుపు పూయరాదు. స్థిరదంతమని నిశ్చయమైనచో, ప్రక్కపంటి వరుస చూచి, వెనుకముందులు తారుమారు గాకుండ గుంటలో మెల్లగా నిలిపి, శుభ్రమైన బట్ట కరపించి వైద్యునికడకు పోవలెను. అంతటి ధైర్యము చాలనివారు చల్లని పాలలో వేసి కొనిపోవచ్చును. పాలు లేనిచో బిడ్డ ఉమ్మినే గిన్నెలో పట్టి అందుంచవలెను. నీళ్లలో నానవేయుట మంచిది కాదు. కాగితమున పొట్లము కట్టుట మరియు చెడ్డది.

పాలపంటిని మాత్రము ఎన్నడును తిరిగి పెట్టరాదు. లోపల పెరుగుచున్న రెండవ పంటికి హాని గలుగును. ఏ పన్నో తేలనిచో పాలలోనుంచి వైద్యునకు చూపుడు. విరిగిన ముక్కనైనను పారవేయకుడు, ఒక్కొక్కప్పుడది అతుకవచ్చును.

నిలిపిన పంటిని వైద్యుడు సన్నని తీగెతో ప్రక్కపండ్లకు సుమారు 2 వారములు కట్టి యుంచును. అవసరమైనచో ధనుర్వాతపు సూది వేయించి, పంటినాడికి చికిత్స చేయును. ఆ దినములలో మెత్తని యన్నమే పెట్టవలెను. నొప్పి తగ్గినదని వైద్యునికి చూపుట మానరాదు.

పలువరుసను మన కవులు మొల్లమొగ్గలతో పోల్చిరి. మనకో, ఆడపిల్ల పలువరుస పెండ్లిచూపులనాడు గాని జ్ఞప్తికి రాదు! నాట్లకు, కలుపునకు పోయిన తల్లి యిల్లు చేరుసరికి సమయము మించిపోవచ్చును. కావున ఇంటనుండు నాయనమ్మకును, పెద్దపిల్లలకును నేడే యీ నాలుగు మాటలు చెప్పియుంచుడని మా మనవి.