భాగం 7: అనుమానితుల ప్రయాణ కాలక్రమ నిర్మాణం

7.0 లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
- ప్రయాణ కాలక్రమం అంటే ఏమిటో, హత్య కేసుల్లో దాని అవసరం ఏమిటో వివరించగలుగుతారు.
- టోల్ ప్లాజా, సెల్ టవర్, సీసీ కెమెరా ఆధారాల బలాన్నీ, పరిమితులనూ గుర్తించగలుగుతారు.
- ఇటువంటి ఆధారాలను కోర్టు ఏ షరతులపై స్వీకరిస్తుందో చెప్పగలుగుతారు.

7.1 పరిచయం
హత్య ఒకచోట, మృతదేహం మరొకచోట, అనుమానితుల ఊరు ఇంకొకచోట ఉన్నప్పుడు ఈ మూడింటినీ కలిపేది రోడ్డు. దక్షిణ తెలంగాణలో ఇది తరచుగా ఎదురయ్యే పరిస్థితి. హైదరాబాద్ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా కర్నూలు వైపు 44వ నంబరు, నల్గొండ జిల్లా మీదుగా సూర్యాపేట, విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారులు వెళ్తాయి. రాయచూరు వైపు నుంచి వచ్చే 167వ నంబరు రహదారి మక్తల్, మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మిర్యాలగూడ మీదుగా కోదాడ చేరి ఆ రెండింటినీ కలుపుతుంది. రాత్రివేళ ఈ దారుల్లో వెళ్లే వేలాది లారీల్లో ఒకదాని జాడ పట్టుకోవడమే దర్యాప్తు అధికారి ముందున్న పని.

ఒక వ్యక్తి లేదా వాహనం ఏ సమయానికి ఎక్కడ ఉన్నదో ఆధారాలతో వరుసగా అమర్చడాన్ని ప్రయాణ కాలక్రమ నిర్మాణం అంటారు.

7.2 ఆధారాలు, వాటి పరిమితులు
టోల్ ప్లాజా: 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ ప్లాజాల్లో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. వాహనం దాటిన సమయం దానిలో నమోదవుతుంది. అయితే అది వాహనాన్ని చూపుతుందే తప్ప, స్టీరింగ్ వెనుక ఎవరున్నారో చెప్పదు.

సెల్ టవర్: కాల్ రికార్డు చూపేది ఫోన్ అనుసంధానమైన టవర్‌ను, ఫోన్ ఉన్న కచ్చితమైన చోటును కాదు. పట్టణంలో టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. పల్లె ప్రాంతంలో ఒక్క టవర్ కొన్ని కిలోమీటర్ల మేర పనిచేయవచ్చు. పైగా ఫోన్ ఒకరిదై, మోసుకెళ్లింది మరొకరు కావచ్చు.

సీసీ కెమెరా: పెట్రోలు బంకులు, దాబాలు, పంక్చరు షాపుల కెమెరాలు మనిషిని చూపగలవు. కానీ వాటి గడియారాలు తప్పుగా ఉండవచ్చు. పాత దృశ్యాలపై కొత్తవి నమోదై కొద్ది రోజుల్లోనే చెరిగిపోవచ్చు. అందువల్ల అధికారి త్వరగా చేరుకోవాలి. కెమెరా గడియారానికీ అసలు సమయానికీ ఉన్న తేడాను అక్కడే పంచనామాలో రాయించాలి.

సరుకు కాగితాలు: లోడింగ్ చీటీ, ఈ-వే బిల్లు, లారీ జీపీఎస్ వంటివి ప్రయాణం ఎక్కడ మొదలైందో, సరుకు ఎక్కడికి చేరాలో తెలుపుతాయి.

7.3 కాలక్రమాన్ని పరీక్షించడం
రెండు టోల్ ప్లాజాల మధ్య దూరం 60 కి.మీ. అనుకుందాం. మొదటిదాన్ని లారీ రాత్రి 10.00 గంటలకు, రెండవదాన్ని 11.50కి దాటింది. గంటకు 45 కి.మీ. వేగంతో ఆ దూరానికి 80 నిమిషాలు చాలు. పట్టినది 110 నిమిషాలు. మిగిలిన 30 నిమిషాలను ‘ఖాళీ’ అంటాం. ఆ ఖాళీలో నేరం జరిగిందని అప్పుడే అనకూడదు. డ్రైవరు టీ తాగి ఉండవచ్చు, టైరు మార్చి ఉండవచ్చు. ఖాళీ అనేది వెతకవలసిన చోటును చూపుతుంది. దానంతట అది రుజువు కాదు.

తేడా ఇందుకు విరుద్ధంగా ఉంటే, అంటే అదే దూరాన్ని లారీ 25 నిమిషాల్లో దాటినట్లు కనిపిస్తే, ఏదో ఒక సమయం తప్పు కావాలి, లేదా రెండు చోట్లా కనిపించినది ఒకే వాహనం కాకపోవాలి.

7.4 ఒక అధ్యయనం: దిశ కేసు
2019 నవంబరు 27 సాయంత్రం ఒక యువ పశువైద్యురాలు శంషాబాద్ దగ్గరి తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద స్కూటర్ నిలిపి వేరే పనిమీద వెళ్లారు. తిరిగి వచ్చాక రాత్రి 9.20 ప్రాంతంలో చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడారు. 9.45 కల్లా ఫోన్ ఆగిపోయింది. మరునాటి ఉదయం సుమారు 30 కి.మీ. దూరంలో, షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వంతెన కింద ఆమె కాలిన మృతదేహం కనిపించింది.

పోలీసుల కథనం ప్రకారం ఇక్కడ రెండు వాహనాలు ఉన్నాయి: మృతదేహాన్ని తరలించిన లారీ, నిందితులు తీసుకెళ్లిన ఆమె స్కూటర్. కాబట్టి రెండు వేర్వేరు కాలక్రమాలను నిర్మించి, అవి ఎక్కడెక్కడ కలిశాయో చూడాలి. పంక్చరు షాపు, పెట్రోలు బంకు, దారిలోని కెమెరాలు ఇందుకు ఆధార బిందువులు. నవంబరు 29న పూర్వ మహబూబ్‌నగర్ జిల్లా ప్రాంతానికి చెందిన నలుగురిని అరెస్టు చేశారు.

ఈ కేసు నుంచి రెండు పాఠాలు నేర్చుకోవాలి. మొదటిది ఆరంభంలో పోయిన సమయం. ఫిర్యాదుకు వెళ్లిన కుటుంబం పోలీసు స్టేషన్ల పరిధి వివాదంలో చిక్కుకుంది. జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధితో నిమిత్తం లేకుండా నమోదు చేసే ‘జీరో ఎఫ్ఐఆర్’కు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173లో స్థానం ఉంది.

రెండవది విచారణ లేకపోవడం. డిసెంబరు 6 తెల్లవారుజామున వస్తువుల స్వాధీనం కోసమంటూ నలుగురినీ చటాన్‌పల్లికి తీసుకెళ్లగా, పోలీసు కాల్పుల్లో వారు మరణించారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ తేల్చి, 10 మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. నివేదిక 2022 మేలో వెల్లడైంది. ఆ నలుగురిపై కేసు కోర్టు విచారణకు రాలేదు కనుక, వారి ప్రయాణ కాలక్రమం అడ్డపరీక్షను ఎదుర్కోలేదు. బాధితురాలి కుటుంబానికి గానీ, నిందితుల కుటుంబాలకు గానీ కోర్టులో తేలిన సత్యం దక్కలేదు.

7.5 కోర్టులో స్వీకరణ
2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం:
- ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని దాఖలు చేయడానికి సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి. పాత చట్టంలోని 65బి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టం చేసింది.
- పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సెక్షన్ 23 ప్రకారం రుజువుకు పనికిరాదు. దాని ఆధారంగా ఏదైనా విషయం బయటపడితే, దానికి సంబంధించినంత మేరకే అది చెల్లుతుంది.
- ఆ సమయంలో నేను వేరేచోట ఉన్నానని నిందితుడు చెప్పుకునే వాదానికి సెక్షన్ 9 వీలు కల్పిస్తుంది. పోలీసుల కాలక్రమానికి ఇది ఎదురు పరీక్ష.
- పరిస్థితుల సాక్ష్యం గొలుసులా తెగకుండా ఉండి, నిందితుడి నేరాన్ని మాత్రమే సూచించాలని శరద్ బిర్ధీచంద్ శార్దా కేసు (1984) చెబుతోంది.

7.6 సారాంశం
ఏ ఒక్క ఆధారమూ ప్రయాణాన్ని పూర్తిగా చెప్పదు. టోల్ వాహనాన్ని, టవర్ ఫోన్‌ను, కెమెరా మనిషిని చూపుతాయి. మూడూ ఒకే చోట, ఒకే సమయానికి కలిసినప్పుడు కాలక్రమం బలపడుతుంది. కోర్టులో ప్రశ్నలకు నిలబడినప్పుడే అది రుజువవుతుంది.

7.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఫాస్టాగ్ రికార్డు ఒక్కదానితో వ్యక్తి ఉనికిని ఎందుకు రుజువు చేయలేం?
2. కాలక్రమంలో ‘ఖాళీ’ అంటే ఏమిటి? ఉదాహరణతో వివరించండి.
3. దిశ కేసులో విచారణ జరిగి ఉంటే కాలక్రమంలోని ఏ అంశాలు పరీక్షకు వచ్చేవి? చర్చించండి.