మనోవ్యాధి ఆర్థిక సంవత్సరము నెరుగునా?

హైదరాబాదు నగరమున జ్వరము వచ్చినవానికి త్రోవ చెప్పనక్కరలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు సమీపముననున్న నల్లకుంటలో సర్ రొనాల్డ్ రాస్ పేర వెలసిన జ్వరముల ఆసుపత్రిని పామరుడు గూడ నెరుగును. ఆ యింటనే యొకనికి మనస్సు చెదరినచో ఏ త్రోవ పట్టవలెనో చెప్పువారు కానరారు. ఎర్రగడ్డ పేరు వినబడగానే ఇరుగుపొరుగువారు నవ్వుదురు. ఆ నవ్వునకు వెరచి బంధువులు రోగిని గదిలో దాతురు. వ్యాధి ముదురును.

ఈ దుస్థితిని తొలగించుటకు, దూరమున నున్న పెద్ద ఆసుపత్రికంటె చేరువనున్న చిన్న వైద్యశాలయే మేలని పెద్దలు నిర్ణయించిరి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమ మేర్పడినది. బెంగుళూరు నిమ్హాన్సు వైద్యులు బళ్ళారి జిల్లాలో ప్రయోగము చేసి మార్గము చూపిరి. 1996లో జిల్లా కార్యక్రమమునకు దేశమున మొదట ఎన్నుకొనబడిన నాలుగు జిల్లాలలో మన మెదకు ఒకటి. ఇది తెలుగువారు గర్వింపదగిన విషయమే. కాని ఐదేండ్లు కేంద్రము వ్యయము భరించి, పిమ్మట రాష్ట్రము ఆ భారమును వహింపవలెనని నాటి యేర్పాటు. ఈ అప్పగింత ఘట్టముననే దేశమున పలుచోట్ల కార్యక్రమము కుంటువడినది.

నేడును చిక్కు ఆ చోటనే యున్నది. కేంద్రపు వాటా రాష్ట్ర ఖజానాకు చేరవలెను. రాష్ట్రము తన వాటా కలుపవలెను. వెనుకటి సొమ్మునకు వినియోగపత్రము పంపిననేగాని తరువాతి వాయిదా రాదు. ఒక కాగితము ఆగినచో అన్నియు నాగును. పెద్ద ఆసుపత్రికి గోడలున్నవి. జీతము ఆలస్యమైనను గోడలు లేచిపోవు. గ్రామ వైద్యశాలకు వెళ్ళు మనోవైద్యుడు, నర్సు, సామాజిక కార్యకర్త పలుచోట్ల ఒప్పందపు ఉద్యోగులు. నెలల తరబడి జీతము రానిచో వారు వేరు పని చూచుకొందురు. తన కష్టమును ఎవరితోను చెప్పుకొననివాడు ఎంతో కాలమునకు ఒక కార్యకర్తను నమ్మి నోరు విప్పును. ఆ కార్యకర్త వెడలిపోయిన దినమున రోగికి వైద్యశాల మూతబడినట్లే. తీవ్రమైన మనోవ్యాధులలో మందు నడుమ నాగినచో వ్యాధి మరల తిరుగబెట్టుట వైద్యు లెరిగిన విషయము. నాట్ల యదను దాటిన పిదప కాలువకు వదలిన నీరు పైరునకేమి మేలు చేయునో, ఆరు నెలలు గడచిన పిదప విడుదలైన నిధియు రోగికి అంతే మేలు చేయును.

2024లో ఎన్నికల కారణమున సంపూర్ణ బడ్జెటు తెలంగాణమున జూలై 25వ తేదీకిగాని, ఆంధ్రప్రదేశమున నవంబరు 11వ తేదీకిగాని శాసనసభ యెదుటికి రాలేదు. అంతవరకు ఓటాన్ అకౌంటుతోను, ఆంధ్రప్రదేశమున ఆర్డినెన్సుతోను వ్యయము నడచినది. ఇది రాజ్యాంగవిరుద్ధము కాదు. కాని ఇట్టి తాత్కాలికానుమతి నడచుచున్న పనులను నిలుపునేగాని, సామాన్యముగ క్రొత్త పనికి తావీయదు. ఇంకను వైద్యుడు చేరని మండలము ఆ కాలమంతయు వేచియుండవలసినదే.

ఖజానా వట్టిపోయినపుడు ప్రభుత్వ మేమి చేయగలదని కొందరు ప్రశ్నింతురు. వట్టిపోయిన ఖజానా సైతము కొన్ని వ్యయములను తప్పక చెల్లించుచున్నది. ప్రశ్న ధనమున కాదు, వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనుక యనుటలో నున్నది. మనోరోగి ఊరేగింపు తీయడు. ఓటు బెదరింపు చూపడు. అందుచేతనే వాడు వరుసలో కడపటివాడగుచున్నాడు. 2015-16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ పరిశీలనలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా మనోవ్యాధి గలదని తేలినది. వ్యాధినిబట్టి నూటికి 70 నుండి 92 మంది చికిత్స లేకయే యున్నారు. ఇది ఏ కొద్దిమంది గోడో కాదు.

చట్టము మనకు అండగ నున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 18వ విభాగము ప్రభుత్వ వైద్యశాలలలో ఆవశ్యకౌషధములు సర్వకాలములయందును ఉచితముగ లభింపవలెననియు, తగినంత బడ్జెటు కేటాయింపు ప్రభుత్వపు బాధ్యతయనియు చెప్పుచున్నది. సర్వకాలములనగా ఏప్రిలు, మే నెలలుగూడ నందు చేరినవే.

కావున మన శాసనసభ్యులను మూడు కోరవలెను. తాత్కాలిక బడ్జెటులో సైతము జిల్లా మనోవైద్య సిబ్బంది జీతములకు ముందుగనే సొమ్ము ప్రత్యేకింపవలెను. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున మూడునెలల మందులు నిలువయుండవలెను. జిల్లాకు ఎంత కేటాయించిరో, ఏ దినమున చేరినదో బహిరంగముగ ప్రకటింపవలెను.

వర్షము రాకమునుపే చెరువుకట్ట చూచుకొనువాడు రైతు. ఈ కట్టను చూచు భారము పన్ను చెల్లించు మనది.