మూడు పేర్ల నటీమణి

రంగస్థలం మీద ధరించిన వేషాన్ని తెర దిగగానే విప్పివేయటం నటులకు నిత్యకృత్యం. కాని రాజ్యాధికారమే వేషం కట్టించినప్పుడు, ఆ వేషమే నిజమని ప్రజలు నమ్మినప్పుడు, దానిని విప్పటం అంత సులభం కాదు. జపాను నటీమణి యోషికో యమగుచి జీవితం ఇందుకు నిదర్శనం. చైనాలో ఆమె లీ షియాంగ్లాన్, అమెరికాలో షర్లీ యమగుచి, స్వదేశంలో యోషికో. వీటిలో ఒక పేరు ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. మరొక పేరు ఆ ప్రాణాన్ని కాపాడింది.

మంచూరియా బాలిక

1920 ఫిబ్రవరి 12న మంచూరియాలో జపాను దంపతులకు ఆమె జన్మించింది. తండ్రి దక్షిణ మంచూరియా రైల్వే కంపెనీ ఉద్యోగులకు చైనా భాష నేర్పే పండితుడు. బొగ్గుగనుల పట్టణమైన ఫూషున్‌లో పెరిగిన యోషికోకు ఆ భాష మాతృభాషతో సమానంగా అబ్బింది. తండ్రి స్నేహితుడైన ఒక చైనా సేనాని ఆచారప్రకారం ఆమెను దత్తపుత్రికగా స్వీకరించి, లీ షియాంగ్లాన్ అని నామకరణం చేశాడు. పరిమళించే ఆర్కిడ్ పుష్పమని దాని అర్థం. వాత్సల్యంతో పెట్టిన ఆ పేరులో అప్పటికి వంచన ఏమీ లేదు.

బాల్యంలో ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ల్యూబా అనే రష్యను నేస్తం సలహామీద, శ్వాసకు బలం చేకూరుతుందని ఒక ఒపెరా గాయని వద్ద సంగీతాభ్యాసం ప్రారంభించింది. ఆరోగ్యం కోసం నేర్చిన గానమే ఆమెను ముక్డెన్ రేడియోకూ, అక్కడినుండి చలనచిత్రాలకూ చేర్చింది.

తెరమీది చైనా యువతి

1932లో జపాను సైన్యం మంచూరియాలో మంచుకువో అనే కీలుబొమ్మ రాజ్యాన్ని నెలకొల్పింది. దాని ప్రచారానికై 1937లో ఏర్పడిన చలనచిత్ర సంస్థ, మరుసటి సంవత్సరమే యోషికోను తెరకెక్కించింది. ఆమె జపాను వనిత అన్న సంగతి మాత్రం ప్రజలకు తెలియనివ్వలేదు. చైనా యువతియే జపానును ప్రేమించినట్లు చూపించటం ఆ సంస్థకు కావలసిన ప్రయోజనం.

1940లో విడుదలైన "చైనా రాత్రులు" చిత్రంలో ఆమె షాంఘైలో యుద్ధంవల్ల అనాథ అయిన యువతి. ఆదరించిన జపాను నావికుణ్ణి ఆమె ద్వేషిస్తుంది. అతడు చెంపదెబ్బ కొడతాడు. ఆ దెబ్బతో ఆమె హృదయం మారి, అతణ్ణి ప్రేమిస్తుంది! జపాను ప్రేక్షకులు ఈ దృశ్యాన్ని ప్రణయంగా చూశారు. చైనా ప్రేక్షకులకు అది తమ జాతి చెంపమీద పడిన దెబ్బగా తోచింది. 1941 ఫిబ్రవరిలో ఆమె గానం వినటానికి వచ్చిన జనం టోకియోలోని నిచిగెకి నాటకశాల చుట్టూ ఏడున్నర వరుసలుగా నిలిచారని చెప్పుకుంటారు. ఆమె కీర్తి ఎంత పెరిగితే అబద్ధం అంత బలపడింది.

ఒక కాగితం

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. చైనా ప్రభుత్వం షాంఘైలో ఆమెను నిర్బంధించి, శత్రువుతో చేతులు కలిపిన దేశద్రోహిగా విచారణ జరిపింది. ఆ నేరానికి మరణదండన పడవచ్చు. తాను చైనా వనితనే కానని రుజువు చేయటమొకటే ఆమెకు మార్గం. కాని ఇన్నేళ్లుగా లోకమంతా నమ్మినదానిని కాదనటానికి సాక్ష్యమేది?

సాక్ష్యం తెచ్చినది ల్యూబా. పెకింగులో ఉన్న యోషికో తలిదండ్రుల నుండి కుటుంబ జనన పట్టిక ప్రతిని, ఒక జపాను బొమ్మలో దాచి, ఆమె షాంఘైకి చేరవేసింది. 1946లో న్యాయస్థానం యోషికోను విడుదల చేసింది. తాను విదేశీయురాలయినా, చైనా పేరుతో అటువంటి చిత్రాలలో నటించినందుకు ఆమె క్షమాపణ చెప్పుకొన్నది. ఆమె ఎరిగిన మంచూ రాజకుమారి యోషికో కవాషిమా జపాను కుటుంబంలో పెంపుడు బిడ్డగా పెరిగినా, అటువంటి పత్రం చూపలేకపోయింది. 1948లో ఆమెకు మరణశిక్ష అమలు జరిగింది. ఇద్దరు యోషికోల మధ్య అంతరం ఒక కాగితం.

ఓడ షాంఘై రేవును విడుస్తూండగా, రేడియోలో లీ షియాంగ్లాన్ పాడిన పాటే వినిపించిందని యోషికో తన ఆత్మకథలో వ్రాసుకొన్నది.

కొత్త వేషాలు

జపానులో ఆమె అసలు పేరుతో మళ్లీ నటించింది. 1950లో కురొసావా "స్కాండల్" చిత్రంలో తొషిరో మిఫునె సరసన గాయని పాత్ర ధరించింది. హాలీవుడ్‌లో షర్లీ యమగుచిగా "జపనీస్ వార్ బ్రైడ్" (1952), "హౌస్ ఆఫ్ బాంబూ" (1955) చిత్రాలలో కనిపించింది. రెండింటిలోనూ ఆమె అమెరికను పురుషుణ్ణి ప్రేమించే జపాను స్త్రీయే. విజేత మారాడు, ప్రేమించే పాత్ర మారలేదు.

1951లో ఆమె శిల్పి ఇసాము నొగుచిని వివాహమాడింది. అతని తండ్రి యోనె నొగుచి 1938లో చైనామీద జపాను యుద్ధాన్ని సమర్థిస్తూ లేఖ వ్రాయగా, రవీంద్రనాథ ఠాకూరు తీవ్రంగా ఖండించాడు. యోషికో తెరమీదికి వచ్చిన సంవత్సరమూ అదే. ఆ దాంపత్యం కొన్ని ఏళ్లకే ముగిసింది.

1958లో ఒక దౌత్యోద్యోగిని వివాహమాడి ఆమె చిత్రరంగం విడిచింది. తరువాత టెలివిజన్ వ్యాఖ్యాతగా వియత్నాం, పాలస్తీనా సమస్యలను జపాను ప్రజల ముందుంచింది. 1974 నుండి 1992 వరకు జపాను ఎగువసభలో సభ్యురాలు. యుద్ధకాలంలో జపాను సైన్యం చెరపట్టిన స్త్రీల కోసం 1995లో ఏర్పడిన ఆసియా మహిళా నిధికి ఉపాధ్యక్షురాలిగా పనిచేసింది. తనకు తెలిసి చేసినదానికీ, తెలియక చేసినదానికీ బాధ్యత ఉన్నదని ఆమె గుర్తించినట్లు ఈ సేవ చెబుతున్నది.

2014 సెప్టెంబరు 7న, 94 ఏళ్ల వయస్సులో ఆమె మరణించింది. ఒకనాడు ఆమెను దేశద్రోహిగా బోనెక్కించిన చైనానుండి, విదేశాంగశాఖ సంతాపం తెలిపింది.