డ్యాష్‌బోర్డున లేచి నిలుచు తెర

స్వీడన్ దేశపు వోల్వో సంస్థవారు ఈ శతాబ్దారంభమున విక్రయించిన ఎస్60, వి70, ఎక్స్‌సి90 కార్లలో, ఆర్‌టీఐ యను మార్గసూచక సాధనమును కోరి పెట్టించుకొన్నవారి డ్యాష్‌బోర్డుపై, ముందుటద్దమునకు చేరువగా, సన్నని సందు తప్ప వేరొక విశేషము కానవచ్చెడిది కాదు. సాధనమునకు జీవము వచ్చినంతనే ఆ సందు తెఱచుకొని, లోపల పరుండిన తెర మెల్లగా లేచి, దారిపటమును చూపుచు చోదకుని కన్నుల కెదురుగా నిలిచెడిది.

తెరను లేపుట యంత కష్టమైన పని కాదు. చిన్న విద్యుత్ మోటారు అతివేగముగా, అల్పబలముతో తిరుగును. దానికి తగిలించిన పళ్ళచక్రముల వరుస ఆ వేగమును తగ్గించి, బదులుగా బలమును పెంచి, తెరను మోయు చేతిని నిదానముగా పైకెత్తును. ఎక్కడ ఆగవలెనో తెలియుటయే చిక్కు. కదలిక ముగియుచోట నుంచిన స్విచ్చి నొక్కుకొన్నపుడో, ముందునకు సాగలేని మోటారు అధికముగా కరెంటు లాగుచున్నదని నియంత్రణ సర్క్యూటు గ్రహించినపుడో, ప్రవాహము ఆపివేయబడును. ఈ రెండవ యుపాయమువలన, పసివాని వ్రేలు అడ్డుపడినను తెర మొండికెత్తి నలుపక ఆగుటకు వీలు కలదు. ప్లాస్టిక్ చక్రపు పండ్లు విఱిగినచో మాత్రము మోటారు గుఱ్ఱుమని తిరుగుచునే యుండును, తెర యున్నచోటనే యుండును.

వోల్వో తెరలో నాకు మిక్కిలి నచ్చిన విషయము వేరొకటి. లేచియుండుమని దానికి ఒక్కసారి చెప్పిన చాలదు. సాధనమునుండి తెరకు పోవు తీగపై, సెకనుకు 2400 బిట్ల మందవేగమున, మూడేసి బైట్ల సందేశము ఎడతెగక వచ్చుచుండవలెను: చిత్రము ఏ రీతిదో ఒక బైటు, వెలుగు ఎంత యుండవలెనో మఱియొకటి, ముగింపు గుర్తుగా మూడవది. ఆ సందేశము ఆగిపోయిన కొంతసేపటికి, ముడుచుకొమ్మని ఎవ్వరును చెప్పకున్నను, తెర తనంతట తానే లోనికి పోవును. అనగా సందేశము తెచ్చు తీగ తెగినను, పనికిరాని తెర యొకటి చోదకుని ముందర నిలిచిపోదు. ఈ యేర్పాటు చేసిన ఇంజనీరు ముందుచూపు గలవాడు.

ఇంత హంగు చేయు తెరకు దారి ఏమాత్రమును తెలియదు. సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు జీపీఎస్ ఉపగ్రహములలో కనీసము నాల్గింటి సంకేతములను పట్టి స్థానమును గణించుట, సొరంగములో అవి అందనపుడు చక్రముల పరుగును, బండి మలుపులను కొలిచి ఊహించుట, డీవీడీలోని పటముపై ఆ స్థానమును సరిపెట్టుట, ఇవన్నియు మఱుగున నున్న పెట్టె పనులు. ఆజ్ఞలిచ్చు మీటలు సైతము స్టీరింగు వెనుక నుండెడివి. తెరను ఎవ్వరును తాకనక్కరలేకుండెను.

తాకవలసిన కాలము వచ్చుటతోడనే దీని కష్టములు మొదలయ్యెను. సన్నని చేతిపై నిలిచిన తెర, బండి కుదుపులలో వ్రేలితో నొక్కినచో వణకక మానదు. ఆడి సంస్థ 2012 నాటి ఏ3 కారులో 11 మిల్లీమీటర్ల మందపు తెరను ఇట్లే డ్యాష్‌బోర్డునుండి లేపినది. 2020 నాటి ఏ3లో టచ్‌స్క్రీన్ డ్యాష్‌బోర్డులోనే కదలకుండ బిగింపబడి యున్నది.