వల లోపల తెల్లదోమ
పావగడ పెరటి నెట్‌హౌస్‌లో పురుగుల బెడద ఎందుకు ఎక్కువ, ఏం చేయాలి?

కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఎండకు కొదవ లేదు. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ల భూముల్లో, సుమారు 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది ఆ ఎండను నమ్ముకునే. పెరట్లో కాస్త టమాటా, కాస్త మిరప పెంచుకుందామనుకునే ఇంటికి మాత్రం అదే ఎండతో తంటా. అందుకే నాలుగు గుంజలు పాతి, పైన పచ్చ షేడ్‌నెట్ కట్టి, డ్రిప్పు పైపు వేసుకుంటే నీళ్లు ఆదా అవుతాయి, నారు వాడిపోదు. చిక్కు మొదలయ్యేది ఆ తరువాతే.

షేడ్‌నెట్ ఎండను ఆపుతుంది, పురుగును ఆపదు. దాని కన్నాల్లోంచి తెల్లదోమ, తామర పురుగు సులువుగా దూరిపోతాయి. వాటిని తినే అక్షింతల పురుగులు, కాస్త పెద్ద సాలీళ్లు చాలావరకు బయటే ఉండిపోతాయి. లోపల గాలి విసురు లేదు, వాన దెబ్బ లేదు, లేత ఆకు దండిగా ఉంది. పొలంలో ఈ పురుగులను అదుపులో పెట్టే శత్రువులు వల లోపల అంతగా లేవు కాబట్టి ఆ పని ఇంటివాళ్లే చూసుకోవాలి.

ఆకు తిప్పి చూడాలి

టమాటా కొమ్మను తట్టగానే పొడిలా పైకి లేచేవి రెక్కలొచ్చిన తెల్లదోమలు. అసలు మంద ఆకు అడుగున ఉంటుంది. అక్కడ పొలుసుల్లా అతుక్కున్న పిల్లపురుగులు కదలకుండా రసం పీలుస్తుంటాయి. వేడి రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి మూడు వారాలు చాలు. వాటి విసర్జన ఆకు మీద జిగురుగా పడి, దాని మీద నల్లటి మసి పడుతుంది. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేదీ ఈ తెల్లదోమే. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. పీకి దూరంగా పూడ్చేయాల్సిందే.

భూతద్దం ఉంటే ఖాళీ పొలుసులను పరీక్షగా చూడవచ్చు. పొలుసు ‘టీ’ ఆకారంలో చీలి ఉంటే అందులోంచి తెల్లదోమ వచ్చినట్టు. గుండ్రని కన్నం ఉంటే దాన్ని లోపలే తినేసి చిన్న కందిరీగ బయటికి వచ్చినట్టు. గుండ్రని కన్నాలు కనిపిస్తుంటే మందు కొట్టకుండా ఆగడం మంచిది.

ఈ కందిరీగల విలువ తెలిసింది ఓ గాజు ఇంటి పుణ్యమే. 1926లో ఇంగ్లండ్‌లోని ఎల్‌స్ట్రీలో టమాటా పండించే ఒకాయన తెల్లదోమ పిల్లల మధ్య నల్లబడిన పొలుసులను గమనించాడు. చెషంట్ పరిశోధన కేంద్రంలోని కీటక శాస్త్రవేత్త స్పేయర్ వాటిలోని కందిరీగను పెంచి రైతులకు పంచాడు. మన దేశంలోనూ ఇలాంటి కందిరీగలే ఆదుకున్నాయి: 2008లో కోయంబత్తూరు వైపు బయటపడిన బొప్పాయి పిండినల్లి మల్బరీని కూడా పీల్చి పిప్పి చేసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు జాతుల కందిరీగలను బెంగళూరు తెప్పించి వదిలాక గానీ అది అదుపులోకి రాలేదు.

వల చుట్టూ కలుపు

2000లో పక్కనున్న అనంతపురం జిల్లాలో శెనక్కాయ పంటను కాండం కుళ్లు వైరస్ తుడిచిపెట్టింది. దాదాపు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. వైరస్ దాక్కున్నది గట్ల మీది వయ్యారిభామలో. దాని పుప్పొడిని ఒంటికి పూసుకుని తామర పురుగులు పంట మీద వాలాయి. నెట్‌హౌస్ చుట్టూ ఆ మొక్కను పూతకు రాకముందే పీకేయడం అందుకే మొదటి పని.

రెండోది వల. పక్కలకు 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) పురుగుల వల కడితే తెల్లదోమ చాలావరకు ఆగుతుంది. తామర పురుగుకు ఇంకా సన్నని వల కావాలి, కానీ వల సన్నబడేకొద్దీ గాలి ఆడక లోపల ఉడుకుతుంది. పావగడ వేసవిలో అది మొక్కకే చేటు. అందుకని 40 మెష్‌తో సరిపెట్టుకుని, తలుపు దగ్గర రెండో తెర కట్టి, మొక్కల ఎత్తులో జిగురు అట్టలు వేలాడదీయాలి: తెల్లదోమకు పసుపువి, తామర పురుగుకు నీలివి. కొత్త నారును లోపలికి తెచ్చేముందు కొన్నాళ్లు విడిగా ఉంచాలి.

మందు ఎప్పుడు?

అట్టల మీద పురుగు పెరుగుతుంటే వేపతో మొదలుపెట్టవచ్చు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. ఎండ తగిలితే వేప సత్తువ పోతుంది. పక్కన మల్బరీ తోట ఉంటే గాలి అటు వీచేటప్పుడు కొట్టకూడదు, పట్టుపురుగుకు వేప కూడా విషమే.

ఎండలు ముదిరితే ఎర్రనల్లి వస్తుంది. ఆకు మీద సన్నని చుక్కలు, అడుగున గూడు కనిపిస్తాయి. దానికి పైరిత్రాయిడ్ మందు కొడితే నల్లిని తినే మంచి నల్లి చచ్చి, బెడద ఇంకా పెరుగుతుంది. ఆకు అడుగుకు నీళ్లు గట్టిగా చిమ్మడం, బాగా పట్టిన ఆకులు తుంచేయడం మేలు. పురుగు ఏదో తేలకపోతే ఆకును మూత బిగించిన సీసాలో పెట్టి తుమకూరు దగ్గరి హిరేహళ్లి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి, ఆ తరువాతే మందు కొనాలి.