పునరుత్థానాన్ని నమ్మేవారు ఏడవవచ్చా? కళ్లు దానం చేయవచ్చా?



ఈ పత్రికలో బి.పి., షుగరు, టీకాలు, గర్భిణీ స్త్రీల ఆహారం గురించి చదవడం మీకు అలవాటే. ఈసారి పునరుత్థానం గురించి రాస్తున్నందుకు కొందరు ఆశ్చర్యపడవచ్చు. అది పాస్టరుగారు చెప్పవలసిన విషయం కదా అనవచ్చు. నిజమే, వాక్యాన్ని బోధించడం నా పని కాదు. కాని ఆ నమ్మకం గుడిలోనే ఆగిపోదు, వార్డులోకి కూడా వస్తుంది. ఏడవాలా వద్దా, ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా, వెంటిలేటర్ గురించి డాక్టరుగారికి ఏమి చెప్పాలి, కళ్లు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయాలన్నిటి వెనుక అది ఉంటుంది. వీటిలో కొన్నింటికి కుటుంబానికి దొరికేది నాలుగైదు గంటలే. అందుకే అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ మాటలు ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది.

నేను చెప్పదలచినది ఒక్కటే. మరణం జరగలేదని అనుకోమని పునరుత్థాన నిరీక్షణ మనల్ని అడగదు. అది ఏడ్చే స్వేచ్ఛను, చికిత్స చేయించుకునే ధైర్యాన్ని, ఇతరులకు ఇచ్చే మనసును మన నుండి తీసివేయదు.

మొదటినుండీ అందరూ ఒకేలా స్పందించలేదు

ఖాళీ సమాధిని చూసివచ్చిన స్త్రీలు ఆ సంగతి చెప్పినప్పుడు అపొస్తలులే నమ్మలేదు. అవి వట్టి మాటలు అనుకున్నారని లూకా సువార్త 24వ అధ్యాయంలో ఉంది. తోమా గాయాలు చూస్తేనే గాని నమ్మనన్నాడు. ఆ కాలపు యూదులలో పరిసయ్యులు పునరుత్థానాన్ని నమ్మితే, సద్దూకయ్యులు లేదన్నారు. పౌలు ఏథెన్సులో ఈ సంగతి చెప్పినప్పుడు కొందరు ఎగతాళి చేశారు, కొందరు మరోసారి వింటామన్నారు, కొందరు నమ్మారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఈ మూడు రకాలవారూ కనిపిస్తారు.

మా వార్డులలో కూడా ఈ మూడు రకాలవారూ ఉంటారు. ఒక్కోసారి ఒకే మనిషి ఉదయం ఒకలా, రాత్రి ఒకలా ఉంటారు. జబ్బుతో పడుకున్నప్పుడు సందేహం వస్తే అది పాపమని భయపడకండి. రోగి మనసులోని భయాన్ని బయటికి చెప్పుకుంటుంటే "అలా అనకూడదు" అని నోరు మూయించకండి. తోమాను ప్రభువు తరిమివేయలేదు, తన గాయాలు చూపించాడు.

పునరుత్థానం అంటే ఏమిటి, ఏమి కాదు

గుండె ఆగిన రోగికి మేము ఛాతీ మీద ఒత్తుతూ, శ్వాస అందిస్తూ సి.పి.ఆర్. చేస్తాము. కొందరిలో గుండె తిరిగి కొట్టుకుంటుంది. "సిస్టరమ్మా, చచ్చి బతికాడు" అంటారు బంధువులు. ఆ సంతోషం మాకూ ఉంటుంది. కాని అది పునరుత్థానం కాదు. ఆ గుండె మళ్లీ ఒకరోజు ఆగుతుంది. బేతనియలో లేచిన లాజరు కూడా ఈ లోకపు జీవితానికే తిరిగి వచ్చాడు. సంఘం నమ్మే పునరుత్థానం వేరు. అది మళ్లీ మరణం లేని జీవితం. దేవుడు తన కాలంలో చేసేది. మందులతో, యంత్రాలతో, మన పట్టుదలతో జరిగేది కాదు.

ఇది పునర్జన్మ కూడా కాదు. హిందువులైన మన ఇరుగుపొరుగువారిలో చాలామంది ఆత్మ మరో శరీరం ధరిస్తుందని నమ్ముతారు. ముస్లిం సోదరులు తీర్పు దినాన మృతులు లేపబడతారని నమ్ముతారు. అదే మనిషి, మార్పు చెందిన శరీరంతో లేస్తాడని క్రైస్తవ విశ్వాసం. పౌలు దీనికి గింజను ఉదాహరణగా చెప్పాడు. మట్టిలో వేసిన గింజ ఒకలా ఉంటుంది, మొలిచిన మొక్క ఇంకోలా ఉంటుంది.

"ఏడవకండి" అనేవారికి ఒక మాట

మన కుటుంబాలలో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు, ఓదార్చడానికి వచ్చినవారు తరచుగా "మహిమలోకి వెళ్లారు, ఏడవకూడదు, ఏడిస్తే నిరీక్షణ లేనివారిలా ఉంటుంది" అంటారు. మంచి ఉద్దేశంతోనే అంటారు. కాని లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు అతని సమాధి దగ్గర కన్నీరు విడిచాడు. పౌలు థెస్సలొనీకయులకు రాసినది కూడా అసలు దుఃఖపడవద్దని కాదు, నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని.

అణచుకున్న దుఃఖం మరో దారిలో బయటికి వస్తుంది. గుండె బరువుగా ఉందని, నిద్ర పట్టడం లేదని, తల తిరుగుతోందని, కడుపులో మంట అని ఓ.పి.కి వచ్చే తల్లులను మేము చూస్తుంటాము. ఇ.సి.జి., రక్తపరీక్షలు బాగానే ఉంటాయి. కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే, రెండు నెలల క్రితం బిడ్డ పోయిందని, ఇంట్లో ఎవరూ ఆ బిడ్డ పేరు ఎత్తనివ్వడం లేదని అప్పుడు చెబుతారు.

చనిపోయినవారి గురించి మాట్లాడనివ్వండి. ఫోటో చూసి ఏడిస్తే ఏడవనివ్వండి. పక్కన కూర్చోండి, వేళకు అన్నం పెట్టండి, రోజూ వేసుకునే బి.పి., షుగరు మాత్రలు మానకుండా చూడండి. ఆదరణ కూడిక అయిపోయాక బంధువులందరూ వెళ్లిపోతారు, అసలు ఒంటరితనం అప్పుడే మొదలవుతుంది. సంఘ స్త్రీలు రెండో నెలలో, మూడో నెలలో కూడా ఒకసారి వెళ్లి పలకరించాలి.

ఆరు నెలలు దాటినా రోజువారీ పనులు చేసుకోలేకపోతే డాక్టరును కలవాలి. చనిపోయినవారి దగ్గరకు వెళ్లిపోవాలని ఉందని ఎవరైనా అంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు, వారిని ఒంటరిగా ఉంచవద్దు. మానసిక సహాయం కోసం ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. ఇది 2022లో మొదలైంది. రాత్రి పగలు పనిచేస్తుంది, ఉచితం.

"లాజరు నాలుగో రోజున లేచాడు కదా, మేమూ వేచి ఉంటాం"

ఐ.సి.యు.లో ఈ మాట వింటుంటాము. వెంటిలేటర్ మీద ఛాతీ కదులుతుంటుంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. మెదడు పూర్తిగా పనిచేయడం మానేసిందని డాక్టర్లు చెబితే నమ్మడం ఏ తల్లికైనా కష్టమే. అయితే కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. కోమాలో మెదడు బతికే ఉంటుంది, కొందరు కోలుకుంటారు. బ్రెయిన్ డెత్‌లో మెదడు తిరిగి పనిచేయదు, యంత్రం ఆపితే శ్వాస ఉండదు. అవయవదానానికి సంబంధించిన 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసిన తరువాతే దీనిని ధ్రువీకరిస్తుంది. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. అడగడం మీ హక్కు.

ప్రార్థన మానమని మేము ఎప్పుడూ చెప్పము. కాని లాజరు ఇంటివారు అతనిని సమాధిలో పెట్టారు. యొప్పేలో తబితా చనిపోయినప్పుడు అక్కడివారు ఆమె శరీరాన్ని కడిగి మేడగదిలో ఉంచారు. వారు చేయవలసినది వారు చేశారు, దేవుడు చేయవలసినది దేవునికి వదిలారు. భూస్థాపన చేస్తే విశ్వాసం లేనట్టు కాదు. మన ఎండలకు ఫ్రీజర్ బాక్సు లేకుండా శవాన్ని ఇంట్లో ఉంచడం మంచిది కాదు.

"శరీరం పూర్తిగా లేకపోతే ఎలా లేస్తాను?"

షుగరు వల్ల పాదం కుళ్లి, కాలు తీసివేయాలని డాక్టరు చెప్పినప్పుడు ఒక పెద్దాయన నన్ను అడిగిన మాట ఇది: "కాలు లేకుండా ప్రభువు ఎదుట ఎలా నిలబడనమ్మా?" ఆయన నొప్పికి భయపడలేదు, దీనికి భయపడ్డారు. ఆపరేషన్ ఆలస్యమైతే ఆ విషం రక్తంలోకి పాకి ప్రాణమే పోవచ్చు. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు తెలియడం ప్రాణావసరం.

ఇది చాలా పాత ప్రశ్న. 177వ సంవత్సరంలో నేటి ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో క్రైస్తవులను చంపినవారు, శవాలను కాల్చి బూడిదను రోన్ నదిలో కలిపారు. అలా చేస్తే వీరు ఇక లేవలేరని వారి ఆలోచన. సంఘం మాత్రం ఆ హతసాక్షుల నిరీక్షణ నదిలో కొట్టుకుపోయిందని ఎన్నడూ అనుకోలేదు. 410లో రోమా నగరం దోచుకోబడినప్పుడు ఎందరో సమాధి కూడా లేకుండా పడి ఉన్నారు. సమాధి లేకపోవడం వారి పునరుత్థానానికి అడ్డు కాదని అగస్టీన్ తన 'దేవుని పట్టణం' గ్రంథంలో రాశారు. దహనంపై ఉన్న నిషేధాన్ని కతోలిక సంఘం 1963లో సడలించింది. 2000లో పోపు రెండవ జాన్ పాల్ అవయవదానాన్ని ప్రేమకార్యంగా మెచ్చుకున్నారు.

సముద్రంలో మునిగినవారిని, మంటల్లో కాలినవారిని లేపగల దేవుడు, ప్రాణం కాపాడుకోవడానికి కాలు పోగొట్టుకున్నవారిని మరచిపోడు. ప్రమాదాలలో చనిపోయినవారికి చట్టప్రకారం చేసే పోస్టుమార్టం గురించి కూడా ఇదే మాట. లేచిన ప్రభువు శరీరం మీద గాయాల గుర్తులు ఉన్నాయని కూడా గుర్తుంచుకోండి. ఆ పెద్దాయన పాస్టరుగారితో మాట్లాడాక ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. కర్ర సాయంతో గుడికి వెళుతున్నారు.

కళ్లు దానం చేయాలనుకుంటే

కంటి నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. అది తెల్లబడి చూపు పోయినవారికి, చనిపోయినవారి కార్నియాను అమర్చితే చూపు రావచ్చు. ఒకరి రెండు కళ్లు ఇద్దరికి ఉపయోగపడవచ్చు. గుర్తుంచుకోవలసినవి ఇవి:

1. చనిపోయిన ఆరు గంటలలోపు, వీలైనంత త్వరగా కళ్లు సేకరించాలి. విదేశాల నుండి పిల్లలు వచ్చేవరకు శవాన్ని ఫ్రీజర్ బాక్సులో ఉంచే ఇళ్లలో, కంటి బ్యాంకుకు ముందే ఫోను చేయాలి.
2. వయసు పెద్దదైనా, కళ్లజోడు ఉన్నా, కంటిశుక్లం ఆపరేషన్ అయినా, బి.పి., షుగరు ఉన్నా ఇవ్వవచ్చు. హెచ్.ఐ.వి., కామెర్ల వైరస్‌లైన హెపటైటిస్ బి, సి, రేబిస్, రక్త క్యాన్సర్ వంటివి ఉంటే తీసుకోరు. ఏ సంగతైనా డాక్టర్లే చూసి నిర్ణయిస్తారు.
3. వారు వచ్చేలోగా కనురెప్పలు మూసి, పైన తడి దూది ఉంచండి. ఫ్యాను ఆపివేయండి. తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తుగా ఉంచండి.
4. బృందం ఇంటికే వస్తుంది. పని సుమారు అరగంటలోపే అయిపోతుంది. ముఖం వికారంగా మారదు. భూస్థాపన ఆలస్యం కాదు.
5. దీనికి డబ్బు ఇవ్వనవసరం లేదు, తీసుకోకూడదు.
6. బతికుండగా ఫారం రాసినా, ఆ సమయానికి ఇంటివారు ఒప్పుకోవాలి. కాబట్టి భార్యకు, భర్తకు, పిల్లలకు ముందే చెప్పండి.

ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం. ఇవ్వలేదని ఎవరినీ తప్పుపట్టకూడదు. అయితే లేచే రోజున కళ్లు ఉండవన్న భయంతో మాత్రం ఆగవద్దు.

పక్క మంచం వారితో

మన ఆసుపత్రికి అన్ని మతాలవారూ వస్తారు. ప్రాణం పోతున్న మనిషి దగ్గర వాదనలు వద్దు. వారు అడిగితే మన నిరీక్షణ ఏమిటో నాలుగు మాటల్లో చెప్పండి. ప్రార్థన చేయమంటారా అని ముందు అడగండి, వద్దంటే మంచినీళ్లు అందించి పక్కన కూర్చోండి. తులసి తీర్థం పోస్తామన్నా, ఖురాను చదువుతామన్నా మా సిస్టర్లు డాక్టరుగారిని అడిగి ఏర్పాటు చేస్తారు.

ఇప్పటికి 1700 ఏళ్లకు పైగా క్రితం ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పెద్ద తెగులు వచ్చినప్పుడు, అక్కడి క్రైస్తవులు రోగులను విడిచి పారిపోలేదని ఆ నగర బిషప్ డయోనీషియస్ తన లేఖలో రాశారు. వారు రోగులకు సేవ చేశారు. చనిపోయినవారి కళ్లు మూసి, స్నానం చేయించి, బట్ట చుట్టి సాగనంపారు. ఆ సేవలో చాలామంది తామే ప్రాణాలు పోగొట్టుకున్నారు. నేటికీ వార్డులో ఎవరైనా కన్నుమూస్తే మా సిస్టర్లు చేసే పని అదే. 2020, 2021 కోవిడ్ రోజుల్లో ఆ చివరి స్నానం కూడా చేయించలేకపోయామని ఎన్నో కుటుంబాలు ఇప్పటికీ బాధపడుతున్నాయి. వారితో చెప్పేది ఒక్కటే: మీ చెయ్యి చేరనిచోటికి కూడా దేవుని చెయ్యి చేరుతుంది.

ఈస్టరు ఉదయం చీకటి ఉండగానే మనం సమాధుల తోటకు వెళతాము. సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాము. ఈసారి ఇంటికి వచ్చి టిఫిను చేసేటప్పుడు ఇంటి పెద్దలను అడగండి: "మీకు జబ్బు ముదిరితే ఏమి చేయమంటారు? కళ్లు ఇవ్వడం మీకు ఇష్టమేనా?" వారు చెప్పినది ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రి ఫైలులో పెట్టుకోండి. సందేహాలుంటే ఓ.పి. రోజుల్లో నర్సింగ్ ఆఫీసుకు రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

– నర్సింగ్ సూపరింటెండెంట్